శేషమ్మ దొడ్డికి పన్నెండో ఫలకం

చైర్మన్ గారు ఆస్ట్రేలియా వెళ్ళి, మురుగు కాలవల మీద పదకొండు రోజులు అధ్యయనం చేసి తిరిగొచ్చాక చింతలమెట్టలో జరిగిన మొట్టమొదటి అభివృద్ధి, బస్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం పడటం.

ఆ తాళాన్ని ముందుగా చూసింది నాంచారమ్మ. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఆ బస్టాండులో జామకాయలమ్ముతోంది. మరుగుదొడ్డి గోడ పక్కన ఒక నల్లరాయి పడి ఉంది. ఒకప్పుడు అదే గుమ్మం ముందు మెట్టు. ఎప్పుడో ఊడి పక్కకు దొర్లితే ఎవరూ పట్టించుకోలేదు. నాంచారమ్మ దానిమీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంటుంది. బస్సొచ్చినప్పుడల్లా బుట్ట నెత్తికెత్తుకుని కిటికీల కింద తిరుగుతుంది. వయసు యాభై ఎనిమిది. షుగరుంది. షుగరున్న మనిషి రోజుకెన్నిసార్లు లేవాల్సి వస్తుందో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా తెలీదు.

ఆ పొద్దున పది గంటలకు ఆవిడ గబగబా వెళ్ళేసరికి తలుపుకి అరచేయంత పాతకాలపు తాళం, తాళానికి ఎర్ర రిబ్బను, పక్కన గోడమీద తళతళలాడే ఇత్తడి ఫలకం ఉన్నాయి. పూలమ్మే మీరాబీ ఏడో తరగతి దాకా చదివింది కనక ఆమెను పిలిచింది.

మీరాబీ కూడబలుక్కుంటూ చదివింది. "వారసత్వ కట్టడం, సంఖ్య ఒకటి. తాకరాదు. వాడరాదు. చూడవచ్చును."

"చూడొచ్చంటనా?"

"చూడొచ్చంట అక్కా."

"చూసి ఏం జేసుకోనే?" అంది నాంచారమ్మ, తలుపుకి చెయ్యానించి నిలబడి.

ఆ దొడ్డి ఈనాటిది కాదు. 1936లో పెరుమాళ్ళశెట్టి అనే బియ్యం వర్తకుడు కట్టించాడు. ఆయన తల్లి శేషమ్మ ఒకసారి ఎక్కడికో ప్రయాణమై, బస్సు రాక, పొద్దుటినుంచి సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, నలుగురిలో చెప్పుకోలేని బాధ పడి ఇంటికొచ్చి కొడుకుని కడిగేసిందట. అప్పటికి సత్రం కడదామని ఇటుక తోలించుకున్న శెట్టి ఆ ఇటుకతో ముందు ఇది కట్టించాడు. నాలుగు గదులు, ఒక నీళ్ళతొట్టి, మందపాటి టేకు తలుపు. తలుపు మీద రాతిపలకలో చెక్కించాడు: "ప్రయాణము చేయు స్త్రీల యుపయోగార్థము." అప్పటినుంచీ ఊళ్ళో దాని పేరు శేషమ్మ దొడ్డి. కంపు కొట్టేది, నిజమే. మున్సిపాలిటీ కడిగేది కాదు, బస్టాండులో బతికే ఆడవాళ్ళే వంతులేసుకుని కడుక్కునేవాళ్ళు. కంపు కొట్టినా అక్కరకొచ్చేది.

ఇక ఆస్ట్రేలియా సంగతి. అధ్యయన బృందాన్ని అక్కడివాళ్ళు కుర్రబిల్లా అనే పల్లెటూరికి తీసుకెళ్ళారు. జనాభా తొమ్మిది వందలు, గొర్రెలు తొంభై వేలు. ఆ ఊళ్ళో పాత జైలుకో ఫలకం, రైలు రాని స్టేషనుకో ఫలకం, ఎవడో గజదొంగ తన గుర్రాన్ని కట్టేసిన గుంజకో ఫలకం. అన్నిటికంటే ఎక్కువమంది ఫొటోలు దిగుతున్నది మాత్రం ఒక రేకుల మరుగుదొడ్డి దగ్గర. నూటపదేళ్ళ నాటిదట, చుట్టూ తాడు కట్టి ఉంది. చైర్మన్ వీరరాఘవులు గారు దానిముందు నిలబడిపోయారు. సొంత ఊరు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయని తర్వాత తన సన్మానసభలో తనే చెప్పారు. వెంట వచ్చిన ఎనిమిదిమంది కౌన్సిలర్లనూ భుజం భుజం ఆనించి నిలబెట్టి దానితో ఫొటో తీయించుకున్నారు. ఆ ఫొటోనే ఇప్పుడు బస్టాండులో ఇరవై అడుగుల ఫ్లెక్సీ.

"మరి మురుగు కాలవల సంగతేమిటండీ?" అని కౌన్సిల్లో ఎవరో అడిగితే, "వారసత్వం లేని ఊరికి మురుగుంటే ఎంత, లేకపోతే ఎంత?" అన్నారు చైర్మన్ గారు. డెబ్బై అయిదేళ్ళు దాటిన ప్రతిదాన్నీ గుర్తించి ఫలకం వేయాలని అదేరోజు తీర్మానమైంది. కుర్రబిల్లాలో ఆరు ఫలకాలున్నాయి కనక చింతలమెట్టలో పన్నెండుండాలన్నారు. పన్నెండూ పోతపోయించి తెప్పించాక వారసత్వం కోసం వెతకటం మొదలైంది. శేషమ్మ దొడ్డి ఒకటో నంబరు. దాని పాత తాళంచెవి రెండో నంబరు. దాన్ని తలుపు పక్కనే అద్దాలపెట్టెలో పెట్టారు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో మూడుకాళ్ళ బల్ల, పూడ్చేసిన బావి ఒకప్పుడు ఉన్న చోటు, ఎనభై ఒక్కేళ్ళ రిటైర్డు డ్రిల్లు మాస్టారు, ఇలా లాగీ పీకీ పదకొండయ్యాయి. డ్రిల్లు మాస్టారి వీధరుగు మీద "కదిలించరాదు" అని ఫలకం వేశారు, పాపం ఆయన కూతురింటికి వెళ్దామని సర్దుకున్న సంచీ అలాగే ఉంది. పన్నెండోది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆ ఫలకం కమిషనర్ గారి బీరువాలో పడి ఉంది.

నాంచారమ్మ పాండురంగాన్ని పట్టుకుంది. ఆయన మొన్నటిదాకా శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు వారసత్వ సంరక్షణాధికారి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్కసారీ ఆ దొడ్డి ఛాయలకు రాని మనిషి, ఇప్పుడు పొద్దున్నే వచ్చి మెత్తటి బ్రష్షుతో తలుపు అంచులు దులుపుతున్నాడు.

"అయ్యా, తాళమెందుకేశారు?"

"వాడుక వలన కట్టడమునకు అరుగుదల సంభవించునమ్మా."

"వాడుకోటానికేగా కట్టింది?"

"కట్టినప్పుడు అది మరుగుదొడ్డి. ఇప్పుడది వారసత్వం."

"మరి మేం యాడికి పోవాలయ్యా?"

"ఆ అంశము పారిశుధ్య విభాగమునకు చెందినది."

"ఆ ఇబాగం నువ్వే గదయ్యా!"

"నిన్నటి వరకు," అన్నాడు పాండురంగం గంభీరంగా, బ్రష్షు విదిలించుకుంటూ.

ఆ మాట విన్నాక నాంచారమ్మకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మగవాళ్ళకేం, లారీ చాటుంది, గోడుంది, ఊరంతా వాళ్ళదే. ఆడవాళ్ళు మాత్రం అర మైలు నడిచి తుమ్మచెట్ల చాటుకి పోవాలి. పోయి వచ్చేసరికి నాలుగు బస్సులు వెళ్ళిపోతాయి, బుట్టలో కాయలు బుట్టలోనే ఉంటాయి. నాంచారమ్మ మంచినీళ్ళు మానేసింది. పొద్దున ఒక గుక్క, ఇంటికెళ్ళాక ఒక గ్లాసు. నెల తిరిగేసరికి ఒంట్లో మంటలు, జ్వరం. ఆస్పత్రిలో డాక్టరమ్మ కేకలేసింది. "నీళ్ళు తాగమ్మా! రోజుకి మూడు లీటర్లు తాగకపోతే కిడ్నీలు పోతాయి, తర్వాత నన్నడగొద్దు."

"తాగుతానమ్మా, తాగింది యాడ బొయ్యాల?" అంది నాంచారమ్మ. దానికి డాక్టరమ్మ దగ్గర మందు లేదు.

అంతలో రాజధాని నుంచి ఒక నిపుణుడొచ్చాడు. శేషమ్మ దొడ్డి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. చైర్మనూ, కమిషనర్ సదాశివమూర్తీ వెనకే తిరిగారు.

"కట్టడమున్నది. కానీ ఆత్మ ఏది?" అన్నాడు నిపుణుడు. "ఇటువంటి స్థలంలో ఒక వాసన ఉండవలెను. ఒక వరుస ఉండవలెను. ఆ రెండూ లోపించినవి. సందర్శకుడు ఏమి అనుభూతి చెందును?"

వాసన పునరుద్ధరణకు ఒక ఉపసంఘం వేశారు. అది మూడుసార్లు సమావేశమై, మూడో సమావేశం తర్వాత సభ్యులంతా మెడికల్ లీవు పెట్టటంతో ఆగిపోయింది. వరుస సంగతి అలా ఆగలేదు. నలభైమంది ఆడవాళ్ళను "వరుస కళాకారిణులు"గా తీసుకున్నారు. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా తాళం వేసిన తలుపు ముందు, పూర్వం నిలబడినట్టే నిలబడాలి. మెడలో గుర్తింపు కార్డు. పక్కనే బుట్ట పెట్టుకుని సరుకు అమ్ముకోవచ్చు, దాని వలన సహజత్వం పెరుగునని నిపుణుడే రాశాడు.

మీరాబీకి ఒళ్ళు మండింది. "తాళమేసి, దాని ముందే మనల్ని నిలబెట్టుద్దా ఈ మున్సిపాలిటీ? సిగ్గులేకుండా పోతామా అక్కా?"

"పోదాం," అంది నాంచారమ్మ. "ఎప్పటికైనా తలుపు తీయకపోతారా? తీసిన్నాడు ముందు మనమే ఉండాల." పోయి ఒకటో నంబరు కార్డు తెచ్చుకుంది.

వాళ్ళకి తర్ఫీదివ్వటానికి నాటకాల మాస్టారొకాయన వచ్చాడు. వరుస వెంట నడుస్తూ ఒక్కొక్కరి మొహం పరిశీలించేవాడు. "అమ్మా, ఆత్రుత చాలదు. కాలు మార్చండి. పెదవి బిగించండి. అలా మీరు జాతరకొచ్చినట్టు కబుర్లాడితే రసం పండదు." నాంచారమ్మ దగ్గరకు రాగానే ఆగిపోయి చేతులు జోడించాడు. "అద్భుతం! ఆ నుదుటి ముడత, ఆ చెమట! ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఈ నటన?"

"నటన గాదయ్యా," అంది నాంచారమ్మ పళ్ళ బిగువున. "నిజంగానే వత్తంది."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నెల ఉత్తమ ఆత్రుత ప్రశంసాపత్రం నాంచారమ్మకే ఇచ్చారు.

నిబంధనల్లో ఏడోది కూడా ఉంది: "విరామ సమయమున కళాకారిణులు మరుగుదొడ్డికి వెళ్ళి రావచ్చును." ఏ మరుగుదొడ్డికి అని మీరాబీ కమిషనర్ గారినే అడిగింది. "వెళ్ళి రావచ్చును అని అనుమతి మంజూరు చేయబడినది," అన్నాడాయన నొచ్చుకుంటూ. "సౌకర్యము వేరే ఫైలు."

ఇలా ఉండగా కుర్రబిల్లా నుంచి మేయరు వస్తున్నట్టు కబురొచ్చింది. పేరు మార్గరెట్, డెబ్బై రెండేళ్ళ మనిషి. రెండూళ్ళూ స్నేహ పట్టణాలని ఒప్పందం మీద సంతకం పెట్టాలి, పన్నెండో ఫలకం ఆవిడ చేతులమీదుగా ఆవిష్కరించాలి. పన్నెండో వస్తువు ఇంకా దొరకలేదు. కమిషనర్ సదాశివమూర్తి వారం రోజులు ఊరంతా గాలించి, చివరికి తన మామగారి వయసు కూడా లెక్కేసి చూసుకున్నాడు. రెండేళ్ళు తక్కువైంది.

ఆ రోజు మేళతాళాలతో కారొచ్చి ఆగింది. గుంతల రోడ్డు మీద ఐదు గంటల ప్రయాణం, దారిపొడుగునా ఏడు చోట్ల స్వాగతం, ఏడు చోట్లా కొబ్బరిబొండం. కారు దిగిన మార్గరెట్ ఎవరివంకా చూడలేదు. దండలు తప్పించుకుని, ఆడవాళ్ళ వరుసను చూసి, ప్రాణం లేచొచ్చినట్టు గబగబా నడిచి చివర్న నిలబడింది.

వరుస కదల్లేదు. ఆవిడ ఒక కాలిమీద నుంచి ఇంకో కాలిమీదకు మారింది. పెదవి బిగించింది.

"ఆహా! సహజత్వమంటే ఇదీ! విదేశీయులను చూసి నేర్చుకోండి," అన్నాడు నాటకాల మాస్టారు.

నాంచారమ్మ మెడ తిప్పి చూసింది. భాష తెలియదు, ఊరు తెలియదు, ఆ మొహం మాత్రం బాగా తెలుసు. జాలి ముంచుకొచ్చింది. "నటన గాదురా నీ బుద్ధి కాల్చ, ఆమెకి నిజంగానే వత్తంది!" అని అరిచి, వెనక్కెళ్ళి, ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వరుసలో తన ముందు నిలబెట్టింది.

దుబాసీగా వచ్చిన కాలేజీ లెక్చరరు హైమవతి మార్గరెట్‌తో రెండు మాటలు మాట్లాడి చైర్మన్ దగ్గరకు పరుగెత్తింది. "సార్, ఆవిడకి అర్జంటు."

మున్సిపల్ ఆఫీసులో ఆడవాళ్ళ గదుంది, కానీ అందులో నిండా వారసత్వ ఫైళ్ళున్నాయి. చైర్మన్ గారి ఇల్లు రైలుగేటు అవతల, గేటు పడి ఉంది. అద్దాలపెట్టెలోని తాళంచెవిని ముట్టుకోవాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి. అక్కడికక్కడే, మేళం ఆపించి, ఎనిమిదిమంది కౌన్సిలర్లూ దండలతోనే కౌన్సిలయ్యారు. కమిషనర్ కారు బానెట్ మీద కాగితం పెట్టి రాస్తూ పైకి చదివాడు. "విశిష్ట అతిథి యొక్క ప్రకృతి సంబంధమగు ఆవశ్యకతను పురస్కరించుకొని, కట్టడము నెం. 1 ద్వారమును ఒక పర్యాయము మాత్రము తెరచుటకు..."

"తొరగా రాయండయ్యా, పెద్దామె!" అంది నాంచారమ్మ.

"...ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

పాండురంగం చేతికి తెల్ల గుడ్డ చుట్టుకుని తాళంచెవి తీశాడు. నాలుగు నెలల తర్వాత టేకు తలుపు కిర్రుమంటూ బయటికి తెరుచుకుని గోడదాకా వెళ్ళింది. మార్గరెట్ లోపలికి వెళ్ళింది. చింతలమెట్ట పాలకవర్గమంతా బయట ఊపిరి బిగబట్టి నిలబడింది.

ఆవిడ బయటికొచ్చింది. మొహం తేటపడింది. తలుపు చేత్తో అలా పట్టుకునే, వెనక నిలబడ్డ నాంచారమ్మని రమ్మని తల ఊపింది. వాళ్ళూళ్ళో అలవాటు కాబోలు.

"ఒక పర్యాయము మాత్రమే..." అంటూ పాండురంగం తాళంతో ముందుకొచ్చాడు.

"ఆగవయ్యా," అన్నారు చైర్మన్ గారు నవ్వు చెదరకుండా. "అతిథి చెయ్యి మీద తలుపేస్తావా? ఆవిడ చెయ్యి తీసేదాకా ఆగు."

నాంచారమ్మ వెళ్ళొచ్చింది. వస్తూనే తలుపు మీద ఆ తెల్లటి ముడతల చెయ్యి చూసింది. వెనక ముప్ఫై తొమ్మిదిమందిని చూసింది. ఈ పెద్దామె ఎంతసేపు పట్టుకుంటుంది? నాలుగింటికి వెళ్ళిపోతుంది. ఆ చెయ్యి తీసిన మరుక్షణం తాళం పడుతుంది. మళ్ళీ తుమ్మచెట్లు, మళ్ళీ ఎండిన నాలుక. చుట్టూ చూసింది. గోడ పక్కన తను కూర్చునే రాయి కనిపించింది.

"మీరాబీ, ఒక చెయ్యెయ్యవే."

నలుగురు ఆడవాళ్ళు రొప్పుకుంటూ ఆ నల్లరాయిని దొర్లించి తలుపు రెక్కకు అడ్డంగా పడేశారు. మార్గరెట్ చెయ్యి తీసింది. తలుపు తెరుచుకునే ఉంది. మీరాబీ లోపలికి నడిచింది.

మార్గరెట్ అప్పుడు తీరిగ్గా ఫ్లెక్సీ వంక చూసి, వేలు చూపిస్తూ ఏదో అడిగింది. చైర్మన్ గారు హైమవతితో మెల్లగా, "అనువాదం అక్కర్లేదమ్మా," అన్నారు. హైమవతి అప్పటికే మైకు ముందుంది.

"ఈ ఫొటోలో మీ తొమ్మిదిమందీ కలిసి మా కొత్త మరుగుదొడ్డిని ఎందుకు దాచేశారు అని అడుగుతున్నారు. పాత రేకులదాని వెనకే అదుందట, ఎనిమిది గదులట. అది కట్టాకే పాతదానికి తాడు కట్టామంటున్నారు. ఆ రోజు అదే ముందు చూపించామంటున్నారు."

చైర్మన్ గారు ఫ్లెక్సీలో తన భుజం వంకే చూశారు. ఆ భుజం వెనక సున్నం వేసిన గోడ ఒకటి, దానిమీద సగం తలుపు, నిజంగానే ఉన్నాయి. ఆయన వెంటనే చప్పట్లు కొట్టారు. కౌన్సిలర్లూ కొట్టారు.

"ఇక ఫలకావిష్కరణ!" అని ప్రకటించారు చైర్మన్ గారు, మాట మార్చటానికి. పట్టుగుడ్డ కప్పిన పళ్ళెంలో పన్నెండో ఫలకం వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక సదాశివమూర్తి దాన్ని గుండెకానించుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. చెమటకు చొక్కా తడిసిపోయింది.

"అయ్యా," అంది నాంచారమ్మ ఎంతో అణకువగా. "ఈ రాయి శేషమ్మ గారు తొక్కిన మెట్టే. గుమ్మం కాడ సందు చూడండి, సరిపోద్ది. ముప్ఫై ఏళ్ళు నా కిందుంది కాబట్టి మీకు కనబళ్ళేదు గానీ."

పాండురంగం మోకాళ్ళ మీద కూలబడి బ్రష్షుతో మట్టి దులిపాడు. తలుపు మీది రాతిపలకలో ఉన్నట్టే ఉలి గాట్లు, అంచున 1936 అనే అంకెలు. "సార్!" అని ఆనందంతో కేకపెట్టాడు. "దొరికింది సార్! పన్నెండోది!" కమిషనర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేళం మోగింది. మార్గరెట్ తన చేత్తో మరలు బిగించింది. ఫలకం మీద ముందే పోతపోసి ఉంది: "వారసత్వ వస్తువు, సంఖ్య పన్నెండు. తాకరాదు. కదిలించరాదు."

అతిథి కారు మలుపు తిరగగానే పాండురంగం తాళం పట్టుకుని తలుపు లాగాడు. రెక్క రాయికి తగిలి ఆగింది. మళ్ళీ లాగాడు.

"ఆ రాయి పక్కకు తీయవయ్యా," అన్నాడు సదాశివమూర్తి.

"పన్నెండో నంబరు సార్. కదిలించరాదు."

ఇద్దరూ రాయి వంక, రాయి మీది ఇత్తడి వంక చూస్తూ నిలబడ్డారు. మీరాబీ తర్వాత ఎనిమిదో మనిషి లోపలికి వెళ్తోంది.

"వాడరాదమ్మా!" అన్నాడు పాండురంగం నీరసంగా.

"వాట్టంలేదయ్యా," అంది ఆ మనిషి. "చూట్టానికి పోతన్నా. చూడొచ్చని నువ్వే రాశావుగా."

ఒకటో నంబరు నిబంధన పాటించవలెనా, పన్నెండో నంబరు నిబంధన పాటించవలెనా అని అడుగుతూ ఆ సాయంత్రమే రాజధానికి ఫైలు వెళ్ళింది. జవాబు ఇంకా రాలేదు. వరుస కదులుతున్నందున కళాకారిణుల మొహాల్లో ఆత్రుత బొత్తిగా కరువైపోయిందని నాటకాల మాస్టారు రాజీనామా చేశాడు.

నాంచారమ్మకి మాత్రం కూర్చునే రాయి పోయింది. ఇప్పుడు తలుపు పక్కన నేలమీదే గోనెపట్టా వేసుకుంటోంది. మర్నాడు పొద్దున పది గంటలకు, ఒంగోలు బస్సు ఇంకా రాకముందు, మీరాబీ దగ్గర నీళ్ళ సీసా అడిగి తీసుకుని, మూత తీసి, తల పైకెత్తి, ఆపకుండా మొత్తం తాగేసింది.